ఓడ కింద ఒక బాయి

గోదావరిఖనిలోనో మందమర్రిలోనో ‘మస్టరు’ అంటే ఏమిటో చిన్న పిల్లలు కూడా చెబుతారు. మస్టరు పడితేనే మనిషి ఆ రోజు బాయికి, అంటే బొగ్గు గనికి, పోయినట్టు, పని చేసినట్టు, జీతం లెక్కకెక్కినట్టు. సముద్రం మీద విహారానికి తిరిగే పెద్ద ఓడల్లోనూ సరిగ్గా ఇదే మాట వినిపిస్తుంది. ఓడ రేవు వదిలే వేళకు ప్రయాణికులంతా తమకు కేటాయించిన ‘మస్టర్ స్టేషన్’కు చేరి లెక్కలోకి రావాలి. మాటే కాదు, దాని వెనకున్న అవసరమూ ఒక్కటే. గాలి, నీరు, కరెంటు, బయటపడే దారి, వీటిలో ఏదీ దానంతటది దొరకని చోట వందల మందిని, వేల మందిని బతికించి ఉంచాలి. భూమి లోపల బొగ్గు గని, నీటి మీద ఓడ, రెండూ ఈ ఒక్క లెక్కనే వేర్వేరు దారుల్లో చేశాయి. కుటుంబాలు విహారానికి వెళ్లే నౌకల్లో ఇప్పుడు ‘తెర వెనుక’ యాత్రలు నడుస్తున్నాయి. వంటశాల, లాండ్రీ, సరుకుల గిడ్డంగి, ఇంజిన్ కంట్రోల్ రూము తిప్పి చూపిస్తారు. చాలా కంపెనీలు దానికి వేరే టికెట్ పెట్టి, సరదా ఉన్నవాళ్లకు అమ్ముతాయి. అది అమ్ముకునే సరదా కాకూడదనీ, ఓడ ఎక్కిన ప్రతి ఒక్కరికీ టికెట్టుతోపాటే అందాలనీ నా వాదన. ఆ మాట అనడానికి గనుల మధ్య బతికే ఉత్తర తెలంగాణ వాళ్లకు ఉన్నంత హక్కు మరెవరికీ లేదు.

ఇక్కడి నుంచి సముద్రం దూరమే అయినా విహార నౌక ఇప్పుడు మరీ దూరపు సంగతి కాదు. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ నౌక ‘ఎంప్రెస్’ విశాఖపట్నం నుంచి ప్రయాణికులతో బయల్దేరింది. 2023 సెప్టెంబర్‌లో అదే రేవులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఎంప్రెస్ 1990లో తయారైన ఓడ, పొడవు 210 మీటర్ల పైమాటే. ఈత కొలను, నాటకశాల, పిల్లల ఆటస్థలం అన్నీ పై అంతస్తుల్లో ఉంటాయి. ప్రయాణికుడు చూసేది ఆ భాగమే. కింద మరో ఊరు ఉంటుంది: జనరేటర్లు, ఇంధనం ట్యాంకులు, మంచినీళ్ల ట్యాంకులు, మురుగు శుద్ధి చేసే యంత్రాలు, శీతల గదులు, సిబ్బంది పడకలు. వీటన్నిటినీ కలుపుతూ ఓడ పొడవునా ఒక నడవా సాగుతుంది. రాయల్ కరీబియన్ ఓడల్లో సిబ్బంది ఆ నడవాను అమెరికాలోని రహదారి పేరుతో ‘ఐ-95’ అని పిలుచుకుంటారు. సరుకులూ మనుషులూ ట్రాలీలూ పగలూ రాత్రీ దాని మీదే నడుస్తాయి. గని లోపల బొగ్గు తరలించే హాలేజీ రోడ్డు చూసినవాళ్లకు ఆ దృశ్యం కొత్తగా అనిపించదు.

ఈ కింది ఊరికి ఎంత కరెంటు కావాలి? 2009లో ప్రయాణాలు మొదలుపెట్టిన ‘ఒయాసిస్ ఆఫ్ ద సీస్’ ఆరు వేల మందికి పైగా ప్రయాణికులను, రెండు వేలకు పైగా సిబ్బందిని మోస్తుంది. దానిలోని ఆరు డీజిల్ ఇంజిన్లు కలిసి దాదాపు 97 మెగావాట్లు పుట్టిస్తాయి. అంకె పెద్దదే. అయితే కరీంనగర్ జిల్లా రామడుగు మండలం లక్ష్మీపూర్ దగ్గర, నేల లోపల కట్టిన గాయత్రి పంప్‌హౌస్‌లో ఒక్కో మోటారు సామర్థ్యం 139 మెగావాట్లు. అలాంటివి ఏడున్నాయి. అంటే ఎనిమిది వేల మంది తిని, పడుకుని, స్నానాలు చేసి, సముద్రం మీద ప్రయాణించడానికి సరిపోయే కరెంటు మన దగ్గర నీళ్లు ఎత్తిపోసే ఒక్క మోటారును పూర్తి సామర్థ్యంతో తిప్పడానికి చాలదు. నేల మీద మోటారు ఆగితే గ్రిడ్ ఉంటుంది, పక్క ఊరి సబ్‌స్టేషన్ ఉంటుంది. నడిసముద్రంలో ఇంజిన్ ఆగితే దానితోపాటు చుక్కాని, నీళ్ల పంపు, వంటశాల పొయ్యి, మరుగుదొడ్డి అన్నీ ఆగుతాయి. అత్యవసర జనరేటరు దీపాలనూ, ప్రాణాలు కాపాడే పరికరాలనూ నిలబెడుతుంది కానీ ఊరంతటినీ నడపలేదు.

మరుగుదొడ్డి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. 2013 ఫిబ్రవరిలో మెక్సికో సింధుశాఖలో ‘కార్నివాల్ ట్రయంఫ్’ ఇంజిన్ గదిలో నిప్పంటుకుంది. కారణం ఇంధనం గొట్టంలో కారుడు. మంటలు ఆరిపోయాయి, ఎవరూ చనిపోలేదు. కానీ కరెంటు పోయింది. ఓడలో నాలుగు వేలకు పైగా మనుషులు. ఓడ మరుగుదొడ్లు మన ఇంట్లోలాగా నీటి బలంతో పనిచేయవు. గొట్టాల్లో గాలిని తోడేసి ఉంచితే, మీట నొక్కగానే ఆ శూన్యం మలాన్ని లాక్కుపోతుంది. అందుకే ఒక్కసారికి ఒక లీటరు నీరు చాలు. గాలి తోడే పంపు ఆగితే ఏ అంతస్తులోనూ ఏదీ కదలదు. టగ్‌లు ఆ ఓడను ఒడ్డుకు లాక్కొచ్చే లోపు మురుగు కారిడార్లలోకి వచ్చింది. మామూలు రోజుల్లో కూడా ఎవరో ఒకరు తడి గుడ్డ వేసి మీట నొక్కితే ఆ వరుసలోని గదులన్నిటికీ ఇబ్బందే. ఈ సంగతిని గోడ మీద అంటించిన కాగితం చెబుతూనే ఉంటుంది, ఎవరూ చదవరు. గొట్టాన్ని, పంపును, అక్కడ చేతులకు తొడుగులేసుకుని అడ్డు తీస్తున్న మనిషిని ఒక్కసారి చూసినవాళ్లు మాత్రం మరిచిపోరు. తాగే నీరు కూడా అంతే. ఇంజిన్ వేడిని వృథా పోనీయకుండా, పీడనం తగ్గించిన పాత్రలో సముద్రపు నీటిని వంద డిగ్రీలకు చాలా కిందనే మరిగించి ఆవిరిని చల్లబరుస్తారు, లేదా సన్నని పొరల గుండా ఒత్తిడితో నెట్టి ఉప్పు వేరుచేస్తారు. ఒక్కో బకెట్టు వెనక ఇంత ఇంధనం మండిందని తెలిస్తే షవర్ కింద నిలబడే సమయం దానంతటదే తగ్గుతుంది.

ఓడ నిలబడటం వెనక ఉన్న శాస్త్రం ఇంకా ఆసక్తికరం. ఆదిలాబాద్ మార్కెట్టుకు పత్తి లోడుతో వచ్చే బండి మూల తిరుగుతుంటే చూసేవాళ్ల గుండె దడదడలాడుతుంది. బరువు ఎంత పైకి పోతే పక్కకు వాలినప్పుడు తిరిగి లేవడం అంత కష్టం. ఇరవై అంతస్తుల ఓడ నీటిలోకి మునిగేది తొమ్మిది మీటర్ల చిల్లరే. అయినా అది పడిపోదు. ఎందుకంటే ఇంజిన్లు, ఇంధనం, నీళ్లు అట్టడుగున ఉంటాయి. పైకి పోయేకొద్దీ కట్టడం తేలిక చేస్తారు. ఓడ ఒక పక్కకు వాలితే నీటిలో మునిగిన భాగం ఆకారం మారి, నీరు పైకి నెట్టే బలం వాలిన వైపుకు జరుగుతుంది. కిందికి లాగే బరువు, పైకి నెట్టే నీరు కలిసి ఓడను మళ్లీ నిటారుగా తిప్పుతాయి. ఈ లెక్కను చెడగొట్టేది లోపల స్వేచ్ఛగా ఊగే ద్రవం. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు నింపి నడిచి చూడండి. పళ్లెం కొద్దిగా వంగితే చాలు, నీళ్లన్నీ ఆ వైపే చేరి ఇంకా వంచుతాయి. అవే నీళ్లను నాలుగు గ్లాసుల్లో పోసి పళ్లెంలో పెడితే ఆ బాధ ఉండదు. ఓడ ట్యాంకులను అడ్డుగోడలతో గదులుగా విడగొట్టేది అందుకే. 1987 మార్చి 6న బెల్జియం తీరంలో వాహనాలు మోసే ఓడ ‘హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ ముందు తలుపు మూయకుండానే బయల్దేరింది. అడ్డుగోడలు లేని వాహనాల అంతస్తులోకి నీరు చేరి ఊగింది. నిమిషాల్లో ఓడ పక్కకు ఒరిగిపోయింది, 193 మంది చనిపోయారు. 2019 మార్చి 23న నార్వే తీరంలో ‘వైకింగ్ స్కై’ కథ మరో తీరు. తుఫానులో ఓడ ఊగుతుంటే అసలే తక్కువగా ఉన్న ఇంజిన్ ఆయిలు ట్యాంకుల్లో అటూ ఇటూ పోయి, పంపులకు అందక, ఇంజిన్లు తమంతట తామే ఆగిపోయాయి. ఓడ రాళ్లకు కొట్టుకోకుండా బయటపడింది కానీ, 479 మందిని హెలికాప్టర్లతో పైకి లాగాల్సి వచ్చింది. ఆ సాయంత్రం వాళ్ల ప్రాణాలు ఆధారపడింది ఎవరూ చూడని ట్యాంకులోని ఆయిలు మట్టం మీద.

ఇంజిన్ గదిలో ఎంత ఆయిలుందో తెలుసుకుని ప్రయాణికుడు ఏం చేస్తాడు, అది ఇంజనీరు పని కదా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. ఆయిలు మట్టాన్ని ప్రయాణికుడు పెంచలేడు. అయితే ఆపద వచ్చినప్పుడు అతను చేయాల్సిన పనులు అతనివే ఉంటాయి: పిలుపు విన్న వెంటనే కదలడం, లిఫ్టు జోలికి పోకపోవడం, సామాన్ల కోసం గదికి పరుగెత్తకపోవడం, అందరూ ఒకే వైపు ఎగబడకపోవడం. 2012 జనవరి 13 రాత్రి ఇటలీ తీరంలో ‘కోస్టా కాంకార్డియా’ రాతికి గుద్దుకునే సమయానికి, ఆ రోజే ఎక్కిన వందల మందికి మస్టరు డ్రిల్లు జరగనే లేదు. అప్పటి నిబంధన 24 గంటల లోపు చేస్తే చాలంది. ముప్పై రెండు మంది పోయాక అంతర్జాతీయ నియమం మారింది. 2015 నుంచి ఓడ బయల్దేరే లోపే లేదా బయల్దేరిన వెంటనే డ్రిల్లు జరగాలి. ప్రయాణికుడికి తెలిసినదానికి విలువ ఉందని ప్రపంచం ఒప్పుకున్నట్టే కదా. కాకపోతే ‘ఎక్కడికి వెళ్లాలి’ అన్నది మాత్రమే నేర్పుతున్నారు, ‘ఎందుకు’ అన్నది నేర్పడం లేదు. నీరు చొరబడకుండా మూసుకునే ఇనుప తలుపును కళ్లతో చూసినవాడికి, అది మూసుకుంటున్నప్పుడు దాటే ప్రయత్నం ఎందుకు చేయకూడదో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం భద్రతది. 2001 సెప్టెంబర్‌లో అమెరికా మీద జరిగిన ఉగ్రవాద దాడుల తర్వాత, ముఖ్యంగా 2004లో ఓడలకూ రేవులకూ అంతర్జాతీయ భద్రతా నియమావళి వచ్చాక, ఇంజిన్ గదిలోకి బయటివాళ్లను రానివ్వడం చాలా తగ్గింది. కంట్రోల్ రూము అద్దం దాకానే తీసుకెళ్తారు. అది సబబే. నేను అడుగుతున్నది తాళాలు తీయమని కాదు, అద్దం దగ్గరికైనా అందరినీ తీసుకెళ్లమని. ఇలాంటి యాత్రలో తుడిచి పెట్టినవే చూపిస్తారన్న మాటా నిజమే. కానీ తుడిచి పెట్టినా అడ్డుగోడ అడ్డుగోడే, కొలతలు దాచలేరు. పనివాళ్లను బొమ్మల్లా నిలబెట్టి చూడటం వాళ్లకు అవమానం కాదా అన్న ప్రశ్నే నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. దానికి జవాబు మన దగ్గరే ఉంది. 2022 చివర్లో ఆర్టీసీ ‘సింగరేణి దర్శన్’ పేరుతో బొగ్గు గనులు, ఇక్కడి జైపూర్‌లోని 1,200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం చూపించే యాత్ర మొదలుపెట్టింది. కరెంటు బిల్లు కట్టే మనిషి ఆ కరెంటు పుట్టే చీకట్లోకి దిగి చూస్తే పనివాడి గౌరవం తగ్గదు. బొగ్గు దానంతటది స్విచ్చు దాకా రాలేదని అర్థమవుతుంది. చూసేవాడు బిడియం లేకుండా ప్రశ్న అడిగేలా, చూపించేవాడు ఆ పని చేసే మనిషే అయ్యేలా ఏర్పాటు ఉండాలి, అంతే.

గనికీ ఓడకూ పోలిక ఎంత దూరం వెళ్తుందో గాలి దగ్గర తెలుస్తుంది. మన బొగ్గు గనుల నిబంధనల ప్రకారం లోపల పనిచేసే చోట ఒక్కో మనిషికి నిమిషానికి కనీసం 6 ఘనపు మీటర్ల గాలి అందాలి. ఆక్సిజన్ 19 శాతం కంటే తగ్గకూడదు. ప్రతి గనికీ కనీసం రెండు దారులుండాలి. ఓడ ఇంజిన్ గదికీ బయటపడే దారులు రెండు పెట్టాల్సిందే. గనిలో ఒక భాగం అంటుకుంటే గోడ కట్టి సీలు వేస్తారు. ఓడలో ఇంజిన్ గది అంటుకుని మామూలుగా ఆరకపోతే మనుషులందరినీ బయటికి పంపి, గాలి దారులు మూసి, కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. రెండు చోట్లా నిప్పును ఊపిరాడకుండా చేసి చంపడమే పద్ధతి. రెండు చోట్లా దారి మూసే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: లోపల ఇంకా ఎవరైనా ఉన్నారా? 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచెత్తి 17 మంది కార్మికులు పోయారు. నీటి పక్కన పని అంటే ఏమిటో, లెక్క తప్పని మస్టరు ఎందుకు కావాలో ఆ ఊరికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

విశాఖ దాకా వెళ్లి ఓడ ఎక్కేవాళ్లు మన జిల్లాల్లో కొద్దిమందే. పడవ ఎక్కేవాళ్లు మాత్రం చాలామంది ఉంటారు. కరీంనగర్ లోయర్ మానేరు జలాశయంలో, నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టులో సెలవు రోజుల్లో పిల్లలతో వచ్చే కుటుంబాలకు విహార నౌక అంటే అదే. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన పర్యాటక పడవలో తెలంగాణ నుంచి వెళ్లిన కుటుంబాలూ ఉన్నాయి. ఆ పడవలోనూ పై అంతస్తు ఉంది. పడవ చిన్నదైతే తెర వెనుక యాత్రకు ఐదు నిమిషాలు చాలు. ఇంజిన్ ఎక్కడుంది, ఇది ఎంతమందిని మోయగలదు, జాకెట్లు ఎన్నున్నాయి, ఫొటో కోసం అందరూ ఒకే అంచుకు చేరితే పడవ ఏ గీత దాకా మునుగుతుంది, ఇవి గట్టు మీదే, బయల్దేరక ముందే చూపించవచ్చు. పెద్ద ఖర్చు లేదు, చట్టం మారాల్సిన పని లేదు. జలాశయం గట్టున ఒక బల్ల పెట్టి, ఎక్కినవాళ్ల లెక్క రాసుకుని, దిగాక ఆ లెక్క సరిచూసే పద్ధతిని బొగ్గు గని ల్యాంపు రూము నుంచి నేరుగా తెచ్చుకోవచ్చు. అక్కడ ప్రతి మనిషికీ నంబరున్న దీపం ఉంటుంది. షిఫ్టు దిగుతూ దాన్ని అదే నంబరు అరలో పెట్టాలి. అరలన్నీ నిండినా ఒకటి ఖాళీగా కనిపిస్తే, దీపాలిచ్చే మనిషి కుర్చీలోంచి లేచి ఆ నంబరు పట్టుకుని వెతకడం మొదలుపెడతాడు.