ఓల్నీ పారిష్ దేవాలయము: దర్శించువారికి అది నేర్పు పాఠములు

ఇంగ్లండు వెళ్లు మన సంఘకాపరులు, వేదాంత విద్యార్థులు అనేకులు లండనులోని పెద్ద కథీడ్రల్‌లను చూచి తిరిగి వచ్చుచుందురు. అయితే ఆ దేశపు సంఘ జీవితమును అర్థము చేసికొనుటకు చిన్న పట్టణములలోని పారిష్ దేవాలయములను చూడవలెను. అట్టి వాటిలో బకింగ్‌హామ్‌షైర్ ప్రాంతమునకు చెందిన ఓల్నీ పట్టణ దేవాలయము ఒకటి. జాన్ న్యూటన్ 1764 నుండి 1780 వరకు పరిచర్య చేసిన స్థలము ఇదే. ఈ దేవాలయములో ఏమి చూడవలెను, చూచినదానిని ఎట్లు అర్థము చేసికొనవలెను అను విషయములను ఈ వ్యాసములో పరిశీలించెదము.

1. పారిష్ అనగా నేమి?

ఆంగ్లికన్ సంఘ పద్ధతిలో పారిష్ అనగా హద్దులు గల ఒక భూభాగము. ఆ హద్దులలో నివసించు ప్రతివాని ఆత్మీయ సంరక్షణ ఆ గురువు బాధ్యత. వాడు ఆరాధనకు వచ్చినను రాకపోయినను బాధ్యత తొలగిపోదు. మన సి.ఎస్.ఐ. సంఘములలోని పాస్టరేట్ పేరులో దీనిని పోలినట్లున్నను, మనము సాధారణముగా సభ్యుల పట్టీని బట్టి సంఘమును లెక్కించెదము. వారు ఊరినంతటిని లెక్కించిరి. ఈ భేదము గ్రహించినవానికి దేవాలయము ఊరి మధ్య జీవితముతో ఎందుకు ఇంతగా పెనవేసికొనినదో తెలియును.

ఓల్నీలో దీనికి ఒక ఉదాహరణ నేటికిని కనబడును. భస్మ బుధవారమునకు ముందటి మంగళవారమున అక్కడి స్త్రీలు పెనములో అట్టును ఎగురవేయుచు సంత వీధి నుండి దేవాలయము వరకు పరుగెత్తుదురు. ఈ ఆచారము 1445 నాటిదని స్థానికులు చెప్పుదురు. పాపపు ఒప్పుకోలుకు పిలుచు గంట విని, ఒక గృహిణి చేతిలోని పెనముతోనే పరుగెత్తినదని సంప్రదాయ కథ. పరుగు ముగిసిన తరువాత దేవాలయములో ఆరాధన జరుగును.

2. కట్టడమును చూచుట

పరిశుద్ధ పేతురు, పరిశుద్ధ పౌలుల పేరిట నున్న ఈ దేవాలయము గ్రేట్ ఊజ్ నది ఒడ్డున నున్నది. ఇది ప్రధానముగా 14వ శతాబ్దపు రాతి కట్టడము. సుమారు 185 అడుగుల ఎత్తుగల దీని శిఖరము దూరమునకే కనబడును. లోపల ప్రజలు కూర్చుండు పొడవైన భాగమును నేవ్ అందురు. దానికి తూర్పున, ప్రభువు బల్ల యుండు భాగము చాన్సెల్. న్యూటన్ ప్రసంగించిన పాత పుల్పిట్ దేవాలయములో భద్రపరచబడి యున్నది. ఆయన వచ్చిన కొద్దికాలములోనే వినువారి సంఖ్య పెరిగినందున 1765లో ఒక గ్యాలరీ కట్టవలసి వచ్చెను.

ఆ జనులు ఎవరు? ఎక్కువమంది ఇంటియొద్ద కూర్చుండి లేసు అల్లి, చాలీచాలని కూలితో బ్రదుకు పేదలు. న్యూటన్ వారి యిండ్లకు వెళ్లెను, పిల్లలను ప్రత్యేకముగా కూర్చి బోధించెను. ధనవంతుడైన జాన్ థార్న్‌టన్ బీదలను ఆదుకొనుటకు సంవత్సరమునకు 200 పౌండ్లు ఇచ్చుచుండెను. ప్రార్థన కూటములు ఖాళీగా నున్న గ్రేట్ హౌస్ అను భవనములో జరిగెను. పేద జనులకు వాక్యము హత్తుకొనునట్లు న్యూటన్, కవి విలియం కూపర్ పాటలు వ్రాసిరి. 1779లో వెలువడిన ఓల్నీ కీర్తనల సంపుటిలో 348 పాటలు కలవు. లోకమంతట పాడబడు "అమేజింగ్ గ్రేస్" పాటను న్యూటన్ 1773 జనవరి 1న 1 దినవృత్తాంతములు 17:16, 17 వచనములపై చేసిన ప్రసంగమునకు అనుబంధముగా వ్రాసెను. ఇప్పుడు మనము పాడు రాగము 1835లో అమెరికాలో దానితో జతపరచబడినది.

అదే నెలలో కూపర్ తీవ్రమైన మానసిక వ్యాధికి లోనాయెను. దేవుడు తన్ను విడిచెనని ఆయన తలంచెను. న్యూటన్ ఆయనను గద్దింపలేదు; ఒక సంవత్సరమునకు పైగా తన గృహములోనే ఉంచుకొని పరామర్శించెను. కూపర్ విశ్వాస నిశ్చయత తిరిగి పూర్తిగా రాలేదు. అయినను స్నేహము తెగలేదు. సంత వీధిలోని కూపర్ గృహము 1900 నుండి మ్యూజియముగా నున్నది. దేవాలయమును చూచినవారు దానిని కూడ చూడవలెను.

3. సమాధి యొద్ద నిలిచి ఆలోచింపదగినది

న్యూటన్ 1807 డిసెంబరు 21న లండనులో మరణించెను. 1893లో ఆయన అస్థికలు, భార్య మేరీ అస్థికలు ఓల్నీ సమాధి తోటకు తేబడెను. సమాధి మీది మాటలు ఆయనే వ్రాసికొనినవి. తాను ఒకప్పుడు అవిశ్వాసినని, ఆఫ్రికాలో బానిసలకు సేవకునిగా నుంటినని, క్రీస్తు కృపవలన క్షమింపబడితినని ఆయన చెప్పుకొనెను.

ఇక్కడ సంఘకాపరులు ఒక విషయము జాగ్రత్తగా గమనించవలెను. తుఫానులో దేవునికి మొఱ్ఱపెట్టిన వెంటనే న్యూటన్ బానిస వ్యాపారమును మానెనని మన ప్రసంగములలో తరచుగా వినబడును. చరిత్ర అట్లు చెప్పదు. తుఫాను 1748లో వచ్చెను. ఆ తరువాతనే, 1750 నుండి 1754 వరకు, ఆయన మూడు పర్యాయములు బానిసలను మోయు ఓడలకు కెప్టెనుగా వెళ్లెను. సముద్రయానము మానినది అనారోగ్యము వలన. ఓల్నీలో నున్న 16 సంవత్సరములలో ఆ వ్యాపారమునకు విరోధముగా బహిరంగ పోరాటమేదియు చేపట్టలేదు. 1788లో మాత్రమే దానిని ఖండించుచు గ్రంథము ప్రకటించి, తన ఒప్పుకోలు చాల ఆలస్యముగా వచ్చినదని ఒప్పుకొనెను. అటు తరువాత పార్లమెంటు కమిటీ యెదుట సాక్ష్యమిచ్చెను. బ్రిటిషు బానిస వ్యాపారమును నిషేధించు చట్టము 1807లో ఆయన బ్రదికియుండగనే వచ్చెను.

ఇది సాక్ష్యమును బలహీనపరచదు. మారుమనస్సు ఒక్క దినమున ఆరంభమైనను, తన కాలపు సమాజము పాపమని ఎంచని దానిని పాపమని చూచుటకు విశ్వాసికి సంవత్సరములు పట్టవచ్చునని ఇది హెచ్చరించుచున్నది. కుల భేదమును, కట్నమును మనము ఎట్లు చూచుచున్నామో పరీక్షించుకొనుటకు ఈ సమాధి తగిన స్థలము. ఈ చరిత్రను కుదించి చెప్పినయెడల ఆ హెచ్చరిక వినువారికి అందదు.

4. తెలుగు సంఘముతో సంబంధము

ఓల్నీకి మనతో ఒక సంబంధము కలదు. న్యూటన్ తరువాత 1781లో అక్కడికి వచ్చిన థామస్ స్కాట్ ప్రసంగములు యౌవనుడైన విలియం కేరీకి మేలు చేసినవి. 1785లో కేరీ అదే పట్టణములోని బాప్టిస్టు సంఘమును ఆశ్రయించగా, మరుసటి సంవత్సరము ఆ సంఘము ఆయనను వాక్య పరిచర్యకు పంపెను. ఆయన నాయకత్వమున శ్రీరాంపూరు ముద్రణాలయము నుండి 1814లో తెలుగు వ్యాకరణము, 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను.

కావున ఓల్నీని దర్శించువారు శిఖరమును ఫోటో తీసికొని మరలిపోక, పుల్పిట్ యొద్ద ఆ పేద శ్రోతలను, కూపర్ గృహములో వ్యాధిగ్రస్తుని మోసిన స్నేహమును, సమాధి యొద్ద ఆలస్యముగా వచ్చిన ఒప్పుకోలును జ్ఞాపకము చేసికొనుట మేలు. న్యూటన్ తన చదువు గదిలో నిత్యము కనబడునట్లు ద్వితీయోపదేశకాండము 15:15 వ్రాయించుకొనెను. తాను విడిపింపబడిన దాసుడనని మరువకుండుటయే ఆయన ఉద్దేశము. సేవకుడు తన సంఘమునకు తిరిగి వచ్చునప్పుడు ఆ వచనమును తనతో తీసికొని రావచ్చును.