సమాధుల తోటలో సూర్యోదయం

ఈస్టరు ఆదివారం నాడు తెల్లవారుజామున కోస్తా జిల్లాల మీదుగా రైలులో ప్రయాణం చేసినవారికి ఒక దృశ్యం కంటపడే ఉంటుంది. ఊరి చివర, మామూలు రోజుల్లో పగటిపూట కూడ ఎవరూ తొంగిచూడని చోట, వందల కొద్ది కొవ్వొత్తులు మిణుకుమిణుకుమంటూ ఉంటాయి. చంకన పిల్లల నెత్తుకున్న ఆడవాళ్ళు, బంతిపూల బుట్టలతో మగవాళ్ళు, చలికి ముసుగు పెట్టుకున్న ముసలివాళ్ళు చీకట్లో అటూ ఇటూ తిరుగుతూ ఉంటారు. దూరం నుంచి చూస్తే జాతర అనిపిస్తుంది. అది మన క్రైస్తవుల సమాధుల తోట.

దాన్ని వారు తోట అనే అంటారు. ఆ మాటకు సువార్తలోనే ఆధారమున్నది. యేసును ఉంచిన సమాధి ఒక తోటలో ఉన్నదని యోహాను రాశాడు. ఆదివారం చీకటితో అక్కడికి వెళ్ళిన మగ్దలేనే మరియ, లేచి నిలుచున్న యేసును చూచి తోటమాలి అనుకున్నదట. లోకంలో కెల్లా పెద్ద వార్త విన్న మొదటి మనిషి, చెప్పినవాడిని తోటపనివాడనుకోవడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. కల్పించి రాసేవాడెవడూ అట్లా రాయడు. ఆ కాలపు యూదులలో ఆడవారి సాక్ష్యానికి పెద్ద విలువ లేదు. ఐనా నాలుగు సువార్తలూ మొదటి సాక్ష్యం ఆడవారి చేతనే చెప్పించాయి. మగశిష్యులు మొదట నమ్మనే లేదు. ఆడవాళ్ళ వెర్రిమాటలని కొట్టిపారేశారు.

ఈ పండుగ తేదీ ఏటా మారుతుంది. 325లో నైసియాలో కూడిన సభ, అందరూ ఒకే ఆదివారం నాడు చేసుకోవాలని తీర్మానించింది. వసంతకాలంలో పగలూ రాత్రీ సమానమైన తరువాత వచ్చే పున్నమి దాటిన ఆదివారం అన్న లెక్క స్థిరపడింది. ఆ ప్రకారం మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. తూర్పు సంఘాలవారి లెక్క కొంచెం వేరు. పున్నమిని బట్టి పండుగ లెక్క కట్టడం పంచాంగానికి అలవాటు పడిన మనకు కొత్త సంగతి కాదు.

కొత్త సంగతి వేరే ఉన్నది. పునరుత్థానమనగానే మనలో చాలమంది పునర్జన్మ అనుకుంటారు. రెండూ ఒకటి కావు. చినిగిన బట్ట విడిచి కొత్తబట్ట కట్టుకున్నట్లు ఆత్మ దేహాలను మార్చుకుంటుందన్న పోలిక మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడ తెలుసు. క్రైస్తవులు చెప్పేది అది కాదు. వారికి దేహం విడిచిపారవేసే బట్ట కాదు. చనిపోయిన ఆ మనిషే, ఆ పేరుతోనే, ఆ చేతులతోనే, దేవుని చేత కొత్తగా లేపబడతాడని వారి నమ్మకం. చచ్చి బ్రతకడమని కూడ దీన్ని తేలికగా అనరాదు. నాలుగు రోజులైన తరువాత సమాధిలోంచి బయటికి వచ్చిన లాజరు మళ్ళీ ఒకనాడు చనిపోవలసినవాడే. యేసు లేవడం అటువంటిది కాదనీ, ఇక చావు లేని బ్రతుకనీ వారంటారు. ఏథెన్సు పండితులకు పౌలు ఈ మాట చెబితే కొందరు నవ్వారు. కొరింథు సంఘంలో కూడ సందేహాలు పుట్టాయి. యేసును సిలువ వేసిన పాతిక సంవత్సరాలలోపే, సుమారు 55 ప్రాంతంలో, పౌలు వారికి రాసిన ఉత్తరంలో నాటిన గింజకూ మొలిచిన మొక్కకూ ఉన్న సంబంధాన్ని పోలికగా చూపాడు. లేచిన యేసును అయిదు వందలమందికి పైగా ఒక్కసారే చూశారనీ, వారిలో ఎక్కువమంది ఇంకా బ్రతికే ఉన్నారనీ కూడ చెప్పాడు. క్రీస్తు లేవకపోతే మన బోధంతా వట్టిదేనని ఆయనే ఒప్పుకున్నాడు. తన మతమంతా ఒక్క మేకుకు తగిలించి, ఆ మేకు ఊడితే అంతా పడిపోతుందని తానే చెప్పడానికి ధైర్యం కావాలి.

దేహానికి ఇంత విలువ ఇచ్చిన నమ్మకం రోజువారీ బ్రతుకులో ఏమి చేసింది?

మన దేశంలోనే చూడవచ్చును. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ అనే అమెరికను లూథరను వైద్యురాలు 1883లో గుంటూరు వచ్చింది. మగ వైద్యుడి ఎదుటికి రాలేని ఆడవారికి మందులిస్తూ మొదలుపెట్టి 1898లో ఆస్పత్రి తెరిచింది. ఆత్మ ఒక్కటే ముఖ్యమనుకుంటే ప్రసవాల గదికి అంత శ్రమ పడనక్కర లేదు గదా!

ఇంతకంటె పెద్ద ఉదాహరణ ఒంగోలుది. 1876 నుంచి 1878 వరకు దక్షిణ దేశాన్ని ఊపివేసిన ధాత కరువులో బాప్టిస్టు మిషనుకు చెందిన జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. పనివారిలో ఎక్కువమంది మాదిగలు. బాప్తిస్మం ఇమ్మని వారడిగితే కరువు నడిచినంతకాలం ఇవ్వలేదు. తిండికోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని ఆయన జంకు. కరువు సడలిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. బాప్టిస్టుల పద్ధతిలో మనిషిని నిలువునా నీళ్ళలో ముంచి లేపుతారు. మునగడం పాతిపెట్టబడడానికి గుర్తు. లేవడం పునరుత్థానానికి గుర్తు. చెరువు ముట్టుకోనివ్వని, బావి దరి చేరనివ్వని ఊళ్ళ నుంచి వచ్చినవారు, అంటరానిదని పుట్టుక నాడే ముద్ర వేసిన దేహాలతో ఆ నదిలో మునిగి లేచారు. ఆ దేహాన్నే దేవుడు గౌరవిస్తాడని ఎవరో వారికి చెప్పారు. ఆ మాట వారికి ఎంత దూరం వినిపించి ఉంటుందో మనం ఊహించుకోవలసిందే.

అంతా సవ్యంగా జరిగిందని చెప్పను. కులాన్ని బట్టి వేరువేరుగా సమాధులు తవ్వే క్రైస్తవుల ఊళ్ళు మన దేశంలో లేకపోలేదు. ఒకే రోజున ఒకే పిలుపుకు లేస్తామని నమ్మేవారు మధ్యన గోడ కట్టుకుంటే, గోడకు ఆ వైపు వారు ఏ పిలుపుకు లేస్తారో అడగవలసి ఉంటుంది. చచ్చిన తరువాతి సంగతి చెప్పి బ్రతికున్నవాళ్ళ కష్టం మరపిస్తారన్న ఆక్షేపణ కూడ పాతదే. కొన్ని చోట్ల అది నిజం. ఐతే అది ఆ కథకు అపచారం. లేచిన యేసు దేహం మీద మేకుల గాయాలు మాసిపోలేదు. తోమా చూడడానికి అవి అట్లాగే ఉన్నాయి. అన్యాయం జరగనట్లు నటించే కథ ఐతే గాయాలను ముందు తుడిచి ఉండేది.

నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టం మరొకటి. పేతురు, ప్రధానయాజకుని వాకిట బొగ్గుల నిప్పు దగ్గర చలి కాచుకుంటూ, యేసును ఎరుగనని మూడుసార్లు బొంకాడు. తరువాత గలిలయ సముద్రం ఒడ్డున, రాత్రంతా వల వేసి ఏమీ దొరకక అలసి వచ్చిన పేతురుకు మళ్ళీ బొగ్గుల నిప్పే కనిపించింది. దాని మీద చేపలు కాలుతున్నాయి. రొట్టె ఉన్నది. యేసు ముందు భోజనానికి పిలిచాడు. నీవు బొంకావు గదా అని ఒక్క మాట అనలేదు. కడుపు నిండిన తరువాత, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగి, మూడుసార్లూ పని అప్పగించాడు. ఇంట్లో కొడుకు తప్పు చేసి రాత్రంతా తిరిగి వస్తే ముందు అన్నం పెట్టే తల్లి ఏ మతంలోనైనా ఉంటుంది. పునరుత్థానపు అర్థమేమిటని ఎవరైనా అడిగితే శాస్త్రుల వాదాలకంటె ఈ చేపల సంగతి చెప్పడం మేలని నాకు తోస్తుంది.

ఒక ఈస్టరు నాడు గుంటూరు జిల్లాలో ఒక పల్లెకు వెళ్ళాను. సమాధులకు వారం ముందుగానే గడ్డి పీకి సున్నం కొట్టారు. పేర్లు మళ్ళీ నల్లరంగుతో దిద్దారు. ఒక చిన్న సమాధి దగ్గర ఒక అవ్వ కూర్చుని ఏడుస్తున్నది. పాస్టరుగారు పాట మొదలుపెట్టినా లేవలేదు. ఉండబట్టలేక, “అవ్వా! మళ్ళీ లేస్తారని నమ్ముతారు గదా, ఏడుపెందుకు?” అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే అడగవలసిన మాట కాదు.

అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని, “లాజరు సమాధి కాడ యేసయ్య ఏడవలా బాబూ? ఇంకాసేపట్లో లేపబోయేవాడే ఏడిస్తే, నాకేం?” అన్నది.

నాకు జవాబు తోచలేదు. ఆ సమాధి ఎవరిదని అడిగాను. నలభై యేళ్ళనాడు పోయిన కూతురిదట. అప్పటికి ఆ పిల్లకు ఆరేళ్ళు. ఏటా ఈ రోజున వచ్చి, సున్నం తనే వేస్తుందట. ఎవరైనా వేస్తామన్నా ఒప్పుకోదట.

అంతలో తూర్పున వెలుగు వచ్చింది. కొవ్వొత్తుల మంటలు పాలిపోయి కనపడడం మానేశాయి. పిల్లలు కరిగిన మైనం ఉండలు చేసి జేబుల్లో వేసుకుంటున్నారు. అవ్వ లేచి, సున్నపు చారలు పడిన చేతులు చీరకు తుడుచుకుని, “పద బాబూ, ఇవాళ మా ఇంట కోడికూర. తినకుండా పోబాక!” అని ముందు నడిచింది.