నటి వయసు - మార్కెట్ లెక్క

1972లో వచ్చిన ‘బడిపంతులు’ సినిమాలో శ్రీదేవి ఎన్.టి. రామారావుకు మనవరాలు. 1979లో వచ్చిన ‘వేటగాడు’లో ఆయన సరసన కథానాయిక. రామారావు 1923లో పుట్టాడు, శ్రీదేవి 1963లో పుట్టింది. ఈ సంగతిని వింతగా చెప్పుకొని నవ్వుకోవడం మనకు అలవాటు. కానీ నవ్వి ఊరుకుంటే అసలు ప్రశ్న మిగిలిపోతుంది. ‘బడిపంతులు’లో రామారావు భార్యగా నటించిన అంజలీదేవి ఆయనకన్నా వయసులో చిన్నదే. తాత వేషం తీసేసిన నటుడు మళ్లీ కుర్రవాడయ్యాడు. అవ్వ వేషం వేసిన నటికి ఆ దారి ఎందుకు లేకపోయింది?

కారణం పెట్టుబడిలో ఉంది. ఆ రోజుల్లో నైజాం, ఆంధ్ర, సీడెడ్ పంపిణీదారులు ముఖ్యంగా హీరో పేరు చూసి నిర్మాతకు అడ్వాన్సులు ఇచ్చేవాళ్లు. ఆ పేరే డబ్బుకు హామీ. హామీకి ముసలితనం రాకూడదు. విగ్గు, మేకప్పు వయసును కొంతవరకే దాస్తాయి. మిగతా పని పక్కన నిలబడ్డ పదహారేళ్ల పిల్ల చెయ్యాలి. ఆమె యవ్వనం అతని యవ్వనానికి సాక్ష్యం. అందుకే హీరో అలాగే ఉంటాడు, హీరోయిన్లు మారుతుంటారు.

శ్రీదేవి వయసును అవసరాన్నిబట్టి ముందుకూ వెనక్కూ జరిపారు. 1976లో తమిళ చిత్రం ‘మూండ్రు ముడిచ్చు’లో, పదమూడేళ్లకే, తనకన్నా పన్నెండేళ్లకు పైగా పెద్దవాడైన రజనీకాంత్ పాత్రకు సవతితల్లిగా నటించింది. 1978లో ‘పదహారేళ్ల వయసు’తో తెలుగులో కథానాయికగా నిలదొక్కుకుంది. 1997లో ‘జుదాయి’ తర్వాత, ముప్ఫై నాలుగేళ్లకే, ప్రధాన పాత్రలకు దూరమైంది. రామారావు ‘వేటగాడు’లో నటించేనాటికి యాభై దాటాడన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ప్రేక్షకులే ఇలా కోరుతున్నారని నిర్మాతలు అంటారు. అభిరుచి ఆకాశం నుంచి ఊడిపడదు. ఏళ్ల తరబడి చూపించినదాన్నిబట్టే తయారవుతుంది. 2012లో గౌరీ షిండే తీసిన ‘ఇంగ్లిష్ వింగ్లిష్’లో శ్రీదేవి ఇద్దరు పిల్లల తల్లి. ఇంగ్లిషు రాదని ఇంట్లోవాళ్లే చులకన చేసిన గృహిణి ఆత్మగౌరవం ఆ కథకు కేంద్రం. దాన్నీ ప్రేక్షకులు ఆదరించారు. నడివయసు స్త్రీకి బతుకుంటుందని గుర్తించిన కథ దొరికితే నటికి వయసు అడ్డు కాలేదు.

ఈ విషయంలో విమర్శకుడి బాధ్యత కూడా తక్కువేమీ కాదు. తిరిగి తెరమీదికొచ్చిన నటి గురించి ‘వన్నె తగ్గలేదు’ అని మెచ్చుకునే సమీక్ష, తెలిసో తెలియకో, సరుకు నాణ్యతనే చూస్తోంది. ఆమె ఏ మనిషిని తెరమీద నిలబెట్టిందో చెప్పినప్పుడే అది నటన మీద విమర్శ అవుతుంది.