పాత బండికి కొత్త ఇరుసు: బ్రేకుల సంగతి మరువరాదు

ఢిల్లీ లక్ష్మీ నగర్‌లోని స్కోప్ మినార్ భవనాలు ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులకు చిరపరిచితాలు. అక్కడ పని ముగించుకొని వికాస్ మార్గ్ మీదుగా ఇళ్లకు మరలేవారిలో మన తెలుగువారూ ఉన్నారు. గత శీతాకాలంలో ఆ మార్గం నుండి లోపలికి చీలిన ఒక సందులోని మరమ్మతు షెడ్డులో మేము రెండు ఆదివారాలు గడిపాము. అక్కడ చూచినవి, విన్నవి మన పాఠకులకు, ముఖ్యంగా స్వస్థలాలలో పాత సామాన్ల బండ్లు గల కుటుంబాలకు ఉపయోగపడగలవన్న నమ్మకంతో ఈ వ్యాసం సమర్పిస్తున్నాము.

బండి కథ

మా సహోద్యోగి ఒకరి తమ్ముడు ఘజియాబాదులో ఒక డీజిల్ పికప్ వాహనంతో జీవనం సాగించేవాడు. బండికి తొమ్మిదేళ్లు నిండాయి. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు రాజధాని ప్రాంతంలో తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 ఏప్రిల్ 7న ఆదేశించిన సంగతి, దానిని 2018 అక్టోబరు 29న సుప్రీం కోర్టు బలపరచిన సంగతి పాఠకులకు విదితమే. వయస్సు ఒక్కటే కారణంగా యజమానులపై కఠిన చర్యలు వద్దని అదే న్యాయస్థానం 2025 ఆగస్టు 12న చెప్పింది. డిసెంబరు 17న ఆ రక్షణను బి.ఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. ఉత్తర్వులు ఇలా మారుతుండగా, గడువు దగ్గర పడేవరకు ఆగక, తమ్ముడు నిరభ్యంతర పత్రం తీసుకొని బండితో సహా స్వగ్రామం చేరదలచాడు. ఊరు చోడవరం ప్రాంతం. పాడేరు ఘాట్ మీదుగా మన్యం పసుపును మైదానానికి దించే పని అక్కడ అతని కోసం సిద్ధంగా ఉంది.

అయితే బండి వెనుక భాగం నుండి కొంతకాలంగా ఊళ వంటి శబ్దం వస్తున్నది. ఎడమ వెనుక చక్రం వద్ద నూనె కారి డ్రమ్ము లోపలికి చేరుతున్నది. మొదట చూపించిన చోట, “ఇరుసు మొత్తం మార్చేద్దాం, తుక్కు బజారులో వేరే మోడల్‌ది దొరుకుతుంది. పళ్ల నిష్పత్తి తక్కువ కనుక మైలేజి కూడా పెరుగుతుంది” అని ఆశ చూపారు. తమ్ముడు సరేననబోయాడు. మా సహోద్యోగికి మాత్రం మనసొప్పలేదు. తాను నివసించే లక్ష్మీ నగర్‌లో, నలభై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న ఒక వృద్ధ మిస్త్రీ వద్దకు బండిని తీసుకురమ్మన్నాడు. కుతూహలం కొద్దీ మేమూ వెంట వెళ్లాము.

శబ్దమే వైద్యునికి నాడి

ఉస్తాద్ ముందుగా రెంచి పట్టలేదు. బండి ఎక్కి ఒక చుట్టు తిరిగి వచ్చాడు. “యాక్సిలరేటరు నొక్కినప్పుడు ఒక స్వరం, వదిలినప్పుడు మరొక స్వరం వస్తే లోపం పళ్లలో ఉంటుంది. స్వరం మారకుండా వేగంతో పాటే పెరిగితే బేరింగును అనుమానించాలి సాబ్,” అన్నాడు. ఈ బండిలో స్వరం మారుతున్నది.

ఇంజను శక్తి పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా వెనుకకు చేరుతుంది. అక్కడ చిన్న పినియన్, పెద్ద క్రౌన్ చక్రాన్ని త్రిప్పుతుంది. క్రౌనుకు 41 పళ్లు, పినియనుకు 8 పళ్లు ఉంటే నిష్పత్తి సుమారు 5.13, పినియనుకు 9 పళ్లుంటే సుమారు 4.56. రెండవదానిలో అదే వేగానికి ఇంజను తక్కువసార్లు తిరుగుతుంది కనుక నూనె కొంత ఆదా కావచ్చు. మొదటి సలహా చెప్పినవారు ఇంతవరకు చెప్పినది అబద్ధం కాదు. చెప్పకుండా వదిలినదే ముఖ్యం.

నిష్పత్తి తగ్గితే బరువుతో ఎత్తెక్కే సత్తువ తగ్గుతుంది. అంతకంటె ప్రమాదకరమైన విషయం దిగుడులో ఉంది. ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేరులో ఇంజనే బండిని వెనుకకు పట్టి ఉంచుతుంది. నిష్పత్తి తగ్గితే ఆ పట్టు కూడా తగ్గి, ఆ భారం బ్రేకుల మీద పడుతుంది. పైగా గేరుబాక్సు నుండి నడిచే స్పీడోమీటరుకు వెనుక జరిగిన మార్పు తెలియదు. పై ఉదాహరణలో ముల్లు 60 చూపినప్పుడు బండి నిజంగా 67 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతుంటుంది. వేగం రెట్టింపైతే ఆపడానికి కావలసిన శక్తి నాలుగు రెట్లవుతుందన్న పాఠశాల సూత్రాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

చట్టం ఏమంటుంది?

తయారీదారు నిర్దేశించిన ప్రమాణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను నిషేధిస్తుంది. కేరళ నుండి వచ్చిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీం కోర్టు ఈ నియమాన్ని దృఢపరచింది. అదే సంవత్సరపు సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అరిగిన భాగం స్థానంలో అదే మోడల్‌కు చెందిన, అదే ప్రమాణం గల భాగాన్ని అమర్చడం మరమ్మతే కాని మార్పు కాదు. ఉస్తాద్ సలహా కూడా అదే: అదే మోడల్, అదే నిష్పత్తి, బిల్లుతో సహా. కశ్మీరీ గేట్ విడిభాగాల బజారులో రెండు రోజులు తిరిగితే అటువంటి ఇరుసు దొరికింది. ధర ఎక్కువే. తమ్ముడి ముఖం చిన్నబోయింది.

బ్రేకులు: బలం కంటె సమతూకం

“ఇంత ఖర్చు పెట్టాం కదా, వెనుక బ్రేకులు కూడా పెద్దవి వేయించేద్దాం అన్నయ్యా,” అన్నాడు తమ్ముడు. ఉస్తాద్ తల అడ్డంగా ఊపాడు. బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు ఒరుగుతుంది. వెనుక చక్రాలు తేలికపడతాయి. ఆ సమయంలో వెనుక బ్రేకు అతిగా పట్టితే చక్రాలు బిగిసి, తడి రోడ్డు మీద బండి గిర్రున తిరగవచ్చు. దీనిని నివారించేందుకే ఇటువంటి బండ్లలో వెనుక ఇరుసుకు ఒక కడ్డీతో కలిపిన కవాటం ఉంటుంది. బరువు ఎక్కి కమాను కట్టలు క్రుంగినప్పుడు అది వెనుకకు ఎక్కువ ఒత్తిడిని పంపుతుంది. ఖాళీ బండిలో తగ్గిస్తుంది. ఇరుసు విప్పినప్పుడు ఆ కడ్డీని ఊడదీసి, తిరిగి కొలత ప్రకారం అమర్చకపోవడం షెడ్లలో తరచు జరిగే పొరపాటని ఉస్తాద్ చెప్పాడు.

కనుక బ్రేకుల మెరుగుదల అంటే ఇక్కడ కొత్త పరికరం కాదు. ఉన్నవాటిని సంపూర్ణంగా బాగుచేయడం. నూనె తాగిన వెనుక లైనింగులు కడిగినా పనికిరావు కనుక రెండు వైపులా కొత్తవి వేశారు. అరిగి గాడి పడిన ముందు డిస్కులను, ప్యాడ్లను జంటగా మార్చారు. పాత లైనింగు పొడిలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నందున గాలిగొట్టంతో ఊదకుండా తడిగుడ్డతో తుడిచారు. పగుళ్లు వారిన రబ్బరు గొట్టాలను తొలగించారు.

బ్రేకు నూనె గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 నూనె కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. తేమ చేరిన తరువాత ఆ హద్దు 140కి దిగవచ్చు. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. దీర్ఘమైన దిగుడులో బ్రేకులు కాగి నూనె మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. పెడలు నేలకు తగులుతుంది కాని బండి ఆగదు. తయారీదారు చెప్పిన రకం నూనెనే వాడి, సుమారు రెండేళ్లకొకసారి మార్చడం అతి చౌకైన ప్రాణరక్షణ.

మరొక ముఖ్య విషయం: బ్రేకు బూస్టరుకు కావలసిన శూన్యం డీజిల్ ఇంజనులో సహజంగా లభించదు. ఇంజనుతో తిరిగే ఒక పంపు దానిని సృష్టిస్తుంది. నూనె ఆదా చేద్దామని దిగుడులో ఇంజను ఆపివేస్తే, రెండు మూడు సార్లు నొక్కేసరికి బూస్టరు సాయం అయిపోతుంది. పెడలు రాయిలా మారుతుంది.

రెండవ ఆదివారం

పాత ఇరుసు దిగింది, కొత్తది ఎక్కింది. సాగిన యు-బోల్టులను తిరిగి వాడక కొత్తవి వేసి, ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించారు. హౌసింగులో నిర్దేశించిన గేరు నూనె నింపారు. బ్రేకు గొట్టాల నుండి బుడగలు పోయేవరకు గాలి తీశారు. ఖాళీ బండితో ఒకసారి, ఇసుక బస్తాలు వేసి మరొకసారి, జనం లేని రోడ్డు మీద తక్కువ వేగంతో పరీక్షించారు. ఊళ లేదు. బండి పక్కకు లాగకుండా తిన్నగా ఆగింది. కొద్ది వందల కిలోమీటర్ల తరువాత యు-బోల్టులను తప్పక మరల బిగించుకోమని ఉస్తాద్ మరీ మరీ చెప్పాడు.

నెల తరువాత చోడవరం నుండి ఫోను వచ్చింది. తమ్ముడు పసుపు బస్తాలతో ఘాట్ దిగాడు. ఆ రోజు సెలవు కావడంతో పక్క సీటులో అతని కొడుకు కూడా ఉన్నాడు. “రెండో గేరులోనే దిగాను అన్నయ్యా. మలుపుల దగ్గర తప్ప బ్రేకు తొక్కవలసిన అవసరం రాలేదు. కింద దిగాక డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూశాను, వేడిగా ఉన్నాయి కాని వాసన లేదు,” అన్నాడట. మైలేజి సంగతి అతడు ఎత్తలేదు. మా సహోద్యోగి అడగలేదు.

పాత వాహనాలు గల మన ఉద్యోగ సోదరీ సోదరులకు, వారి కుటుంబ సభ్యులకు మా మనవి ఒక్కటే. బండి ఎంత దూరం పోతుంది, ఎంత బరువు మోస్తుంది అని అడిగే ముందు, ఆ బరువుతో ఎక్కడ ఆగగలదని అడగండి. ఇరుసుపై పెట్టే ఖర్చుతో పాటు బ్రేకుల ఖర్చును కూడా మొదటి అంచనాలోనే వ్రాసుకోండి.