చూసే కన్ను వేరు, తీసే కన్ను వేరు: మీడియం ఫార్మాట్ రేంజ్‌ఫైండర్ కెమెరాలపై అపోహలు – వాస్తవాలు

ఫిలిం మీద మోజు మళ్లీ మొదలయ్యాక, 35 ఎం.ఎం.తో చేయి తిరిగినవాళ్ల చూపు పెద్ద నెగెటివ్ మీదికి పోతోంది. మామియా 7, ఫూజీ జీడబ్ల్యూ690, బ్రోనికా ఆర్‌ఎఫ్645 పేర్లు అప్పుడే చెవిన పడతాయి. ఇవన్నీ మీడియం ఫార్మాట్ రేంజ్‌ఫైండర్లు. కొత్తవి ఇప్పుడు తయారు కావడం లేదు. పాతవాటిలోనూ మామియా 7 ధర వింటే గుండె గుభేలుమంటుంది. అంత సొమ్ము పోసేముందు, వీటి గురించి నోటా నోటా తిరుగుతున్న మాటల్లో ఏది నిజమో ఏది కాదో చూసుకోవడం మంచిది. ఈ కెమెరాలో మనం చూసేది ఒక కిటికీలోంచి, బొమ్మ పడేది మరో దారిలోంచి. ఈ సంగతి మరవకపోతే సగం అపోహలు దగ్గరికే రావు.

అపోహ: వ్యూఫైండర్‌లో కనిపించిందే ఫిలిం మీద పడుతుంది

ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో పడుతుంది. లెన్సులోంచి వచ్చిన వెలుగే అద్దం మీద పడి కంటికి చేరుతుంది కాబట్టి అక్కడ చూపుకీ బొమ్మకీ తేడా ఉండదు. రేంజ్‌ఫైండర్‌లో వ్యూఫైండర్ అంటే కెమెరా పైమూల ఉన్న ఒక గాజు కిటికీ. లెన్సుతో దానికి చుట్టరికం లేదు. లెన్సుకి మూత పెట్టే ఉన్నా కిటికీలోంచి లోకం దివ్యంగా కనిపిస్తూనే ఉంటుంది. క్లిక్కులు పడతాయి, ఫ్రేములు తిరుగుతాయి. కడిగించాక మాత్రం రోలు ఖాళీ.

ఇదే కారణంగా పోలరైజర్ ఫిల్టర్‌ని లెన్సుకి బిగించి ఎంత తిప్పినా వ్యూఫైండర్‌లో ఏ మార్పూ కనబడదు. అలవాటున్నవాళ్లు ఫిల్టర్‌ని ముందు కంటి దగ్గర పెట్టుకుని తిప్పుతారు. ఆకాశం నలుపెక్కిన చోట అంచుమీద గుర్తు ఎటువైపు ఉందో చూసుకుని, లెన్సుకి బిగించాక గుర్తుని అదే దిక్కుకి తెస్తారు. దగ్గర వస్తువులతో ఇంకో పేచీ ఉంది. ఫోకస్ మారుతుంటే వ్యూఫైండర్‌లోని ఫ్రేము గీతలు తామే జరిగి హద్దుల్ని సరిచేస్తాయి. అయితే కిటికీ ఉన్న చోటు, లెన్సు ఉన్న చోటు ఒకటి కావు కదా. మనం చూసినప్పుడు మనిషి భుజం పక్కన ఉన్న కరెంటు స్తంభం ఫొటోలో అతని తలలోంచి మొలవొచ్చు. హద్దుల్ని సరిచేసే గీతలు కోణాన్ని సరిచేయలేవు.

ఇందులో లాభం కూడా లేకపోలేదు. లేచే అద్దం లేదు గనక షట్టర్ పడే క్షణంలో కంటి ముందు చీకటి కమ్మదు. గీతల బయట ఏముందో కూడా కనిపిస్తుంది కాబట్టి, ఫ్రేములోకి నడిచొచ్చే మనిషి రెండడుగుల ముందే తెలుస్తాడు. వీధుల్లో ఫొటోలు తీసేవాళ్లు ఈ కెమెరాల్ని వదలకపోవడానికి ఇదో కారణం.

అపోహ: మీడియం ఫార్మాట్ అంటేనే వెనకంతా కరిగిపోయిన మసక

ఇంటర్నెట్‌లో తెగ తిరిగే మాట ఇది. లెక్క వేసి చూద్దాం. మామియా 7కి మామూలుగా వాడే లెన్సు 80 ఎం.ఎం. ఎఫ్/4. 6×7 నెగెటివ్ మీద అది చూపించే దృశ్యం 35 ఎం.ఎం. కెమెరాలో సుమారు 40 ఎం.ఎం. లెన్సు చూపించేంత. మసక సంగతికొస్తే అదే కెమెరాలో ఎఫ్/2తో సమానం. అంటే తాతగారి పాత 35 ఎం.ఎం. కెమెరాకున్న 50 ఎం.ఎం. ఎఫ్/1.4 లెన్సు, వెనకదాన్ని ఇంతకంటే ఎక్కువే కరిగిస్తుంది. మసక కోసమే అయితే ఇంత ఖర్చు దండగ అని నా అభిప్రాయం.

పెద్ద నెగెటివ్ ఇచ్చేది వేరే. 35 ఎం.ఎం. ఫ్రేము 24×36 మిల్లీమీటర్లు. 6×7 నిజంగా 56×69.5 మిల్లీమీటర్లు. వైశాల్యం నాలుగున్నర రెట్లు. 12×16 అంగుళాల ప్రింటు తీయాలంటే చిన్న నెగెటివ్‌ని పన్నెండు పదమూడు రెట్లు సాగదీయాలి, దీన్ని ఆరు రెట్లు సాగదీస్తే చాలు. గ్రెయిను సన్నబడుతుంది, ఎండ నుంచి నీడకి జారే చోట మెట్లు కనబడవు.

మసక అంతగా లేదన్నాం కదా అని, పదునుగా నిలిచే లోతు చాలా ఉంటుందని ధీమాగా ఉండకూడదు. రెండు మీటర్ల దూరంలో ఎఫ్/4 పెడితే పదునుగా నిలిచే మందం జానెడుకి కాస్త అటూ ఇటూ. పెళ్లి గ్రూపు ఫొటోలో ముందు వరుస పదునుగా వస్తే వెనక వరుస మెత్తబడుతుంది. ఎఫ్/11కి పోవాల్సిందే.

అపోహ: నడిమి మచ్చలో రెండు బొమ్మలూ కలిస్తే ఫోకస్ కుదిరినట్టే

కెమెరా సరిగా ఉన్నంతవరకూ. రేంజ్‌ఫైండర్ దూరం కొలిచేది రెండు కిటికీల మధ్య ఎడంతో. లెన్సు తిప్పుతుంటే లోపల చిన్న అద్దమో పట్టకమో దానితోపాటు కదిలి, రెండో కిటికీలోంచి వచ్చిన బొమ్మని వ్యూఫైండర్ నడిమి మచ్చలో పక్కకి జరుపుతుంది. అది మొదటి బొమ్మతో కలిసిన చోటే దూరం. బస్సులో సంచి కిందపడినా చాలు, ఈ అమరిక వెంట్రుకవాసి చెదరడానికి. చెదిరిందని వ్యూఫైండర్ చెప్పదు. అందుకే కొనేముందు లెన్సుని అనంతం గుర్తు దగ్గర ఆపి, దూరాన ఉన్న గోపురం కొసనో సెల్ టవర్‌నో చూడాలి. రెండు బొమ్మలు పక్కకి విడిపోయి కనిపిస్తే ఫోకస్ తప్పుతుంది. పైకీ కిందికీ విడిపోతే కంటికి చిరాకే తప్ప ఫోకస్‌కి పెద్ద నష్టం లేదు.

కెమెరా బాగున్నా మోసపోయే చోట్లు ఉన్నాయి. కిటికీ ఊచల్లాంటి ఒకే తీరు వరుసలో ఒక ఊచ పక్క ఊచతో కలిసిపోయి ‘కుదిరింది’ అనిపిస్తుంది. సున్నం కొట్టిన ఖాళీ గోడ మీద మచ్చకి పట్టు దొరకదు. తలుపు చట్రమో చీర అంచో వెతుక్కోవాలి. మామియా 7కి వచ్చిన 210 ఎం.ఎం. లెన్సునైతే తయారుచేసినవాళ్లే రేంజ్‌ఫైండర్‌కి కలపలేదు. దూరం అంచనా కట్టి తిప్పుకోవాల్సిందే. 80 ఎం.ఎం. లెన్సు కూడా మీటరు కంటే దగ్గరికి రాదు. ముఖం నిండుగా తీసే ముచ్చట ఉన్నవాళ్లు వేరే కెమెరా చూసుకోవడమే మేలు.

అపోహ: రేంజ్‌ఫైండర్ లైకా సొత్తు

లైకా పేరు అంతగా అంటుకుపోయింది. అయితే ఫోకస్‌తో జతకలిసిన రేంజ్‌ఫైండర్ 1916లోనే కొడాక్ 3ఏ ఆటోగ్రాఫిక్ స్పెషల్‌లో వచ్చింది. అది పెద్ద రోల్‌ఫిలిం మీద తీసే మడత కెమెరా. అలాంటి రేంజ్‌ఫైండర్‌తో లైకా 2 వచ్చింది 1932లో.

అపోహ: 120 ఫిలిం మన ఊళ్లకి కొత్త

కొడాక్ బ్రౌనీ కోసం 1901లో పుట్టిన ఫిలిం ఇది. మన స్టూడియోల్లో పైనుంచి తొంగిచూసి తీసే యాషికాలు తిన్నది దీన్నే. బరోడాలో తయారై ఇంటింటికీ చేరిన ఆగ్ఫా క్లిక్ 3లో రోలుకి పన్నెండు చదరపు ఫొటోలు పడేవి. పాత ఆల్బమ్‌లలో తెల్ల అంచుల చదరపు బొమ్మలు కనిపిస్తే చాలామటుకు అవి 120 సంతానమే. అదే రోలు 6×7లో పది, 6×9లో ఎనిమిది ఫ్రేములిస్తుంది.

అపోహ: పాత కెమెరా కదా, బ్యాటరీతో పనేముంది

ఫూజీ జీడబ్ల్యూ690కి నిజంగానే పనిలేదు. అందులో మీటరే లేదు, షట్టర్ మొత్తం యంత్రమే. మామియా 7 షట్టర్‌ని నడిపేది ఎలక్ట్రానిక్స్. బ్యాటరీ అయిపోతే క్లిక్కు పడదు, సంచిలో ఇంకోటి ఉండాలి. బ్యాటరీ బాగున్నా క్లిక్కు పడకపోతే లోపలి తెర చూసుకోండి. రోలు మధ్యలో లెన్సు మార్చడానికి ఆ తెర మూస్తాం, తిరిగి తెరిచేదాకా షట్టర్ బిగుసుకునే ఉంటుంది. కెమెరా పాడైందని రిపేరుకి పరుగెత్తేవాళ్లలో కొందరి జబ్బు ఇదే.

మామియా 7 మీటర్ కూడా లెన్సు వెనక కాక వ్యూఫైండర్ వైపు కూర్చుంటుంది. లెన్సుకి ఎర్ర ఫిల్టర్ పెట్టినా దానికి తెలియదు. మూడు స్టాపుల వెలుగు మనమే కలుపుకోవాలి, పసుపుకైతే ఒకటి. అనుమానం వస్తే నెగెటివ్ ఫిలింకి కాస్త ఎక్కువ వెలుగే ఇవ్వండి, తట్టుకుంటుంది. తక్కువైతే నీడల్లో ఏమీ మిగలదు. స్లైడ్ ఫిలిం దగ్గర మాత్రం ఈ ధారాళం పనికిరాదు.

అపోహ: ఎక్స్‌రేకి ఫిలిం చెక్కుచెదరదు

అమెరికా నుంచి వచ్చే చుట్టాల చేత రోల్స్ తెప్పించుకునేవాళ్లు ఇది గట్టిగా పట్టించుకోవాలి. చెక్-ఇన్ సూట్‌కేసులో ఫిలిం పెట్టనే కూడదు, ఆ స్కానర్ల తాకిడి ఎక్కువ. చేతిసంచుల కోసం విమానాశ్రయాల్లో కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు కూడా ఫిలింని మసకబరుస్తాయని కొడాక్ హెచ్చరించింది. 120 రోలు చుట్టూ ఉన్న కాగితం వెలుతురుని ఆపగలదు గానీ ఎక్స్‌రేని ఆపలేదు. పారదర్శకమైన కవర్‌లో విడిగా పెట్టి, చేత్తో చూడమని అడగాలి. ఒప్పుకోవడం అక్కడి సిబ్బంది దయ.

అపోహ: పెద్ద నెగెటివ్ ఉంటే ఫొటో దానంతటదే పెద్దగా వస్తుంది

ల్యాబ్‌లో మామూలు సైజు స్కాన్ తీసుకుంటే 6×7కీ 35 ఎం.ఎం.కీ ఫోన్ తెరమీద తేడా దాదాపు కనబడదు. రోలు ఇచ్చేటప్పుడే ఎంత సైజు కావాలో చెప్పాలి. 6×9 అయితే దానికి సరిపడే హోల్డర్ వాళ్ల దగ్గర ఉందో లేదో ముందే కనుక్కోవాలి. స్కాన్‌లు మెయిల్‌లో వచ్చేశాయని నెగెటివ్‌లు అక్కడే వదిలేసి రావద్దు.