విద్యార్థుల మనోవేదన: ఆలకింపవలసిన విద్యాలయములు

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రోత్సాహమున 8 దేశములలోని 19 కళాశాలలయందు నూతనముగా ప్రవేశించిన సుమారు 14,000 మంది విద్యార్థులను ప్రశ్నించి, 2018లో ప్రకటించిన పరిశోధన, వారిలో మూడవవంతుకు పైబడినవారు ఎన్నడో ఒకప్పుడు ఏదో యొక మానసిక రుగ్మతకు లోనైనట్లు తెలిపినది. ఆ దేశములలో మనది లేదు; అయినను ఆ వేదన మనకు అపరిచితము కాదు. అంతకంటెను హృదయమును కలచునది అనంతర ఫలితము: ఇకముందెన్నడైన మనఃక్లేశము కలిగినచో తప్పక చికిత్స కోరెదమని నిశ్చయముగా పలికినవారు దాదాపు నాల్గవవంతు మాత్రమే! తమ కష్టమును తామే తీర్చుకొందుమనియు, మిత్రులతో చెప్పుకొందుమనియు, సిగ్గు అడ్డువచ్చుననియు తక్కినవారు కారణములు చూపిరి. కావున కౌన్సెలరునకు ఒక గది కేటాయించి, తలుపుపై పేరు వ్రాయించినంతమాత్రమున కళాశాల ధర్మము తీరదని నా దృఢాభిప్రాయము. విద్యార్థి తొలుత చెప్పుకొనునది మిత్రునితోనే గనుక, ఆ మిత్రునికిని, హాస్టలు వార్డెనునకును, అధ్యాపకునకును ఆపదను గుర్తించి, నిందింపక ఆలకించి, అవసరమైనచో వైద్యుని కడకు చేర్చు శిక్షణ నొసగవలెను. చెప్పుకొన్న మాట గోప్యముగా నుండునను నమ్మకమును కలిగింపవలెను.

విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు చదువుచు అకాలమరణము నొందిన యొక బాలికకు సంబంధించిన వ్యాజ్యమున, 2025 జులైలో సుప్రీంకోర్టు, 100 మందికి తక్కువ కాని విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు అర్హతగల కౌన్సెలరునో, మనస్తత్వవేత్తనో, సామాజిక కార్యకర్తనో నియమింపవలెనని ఆదేశించినది. తల్లిదండ్రులారా, మీ బిడ్డ చేరు కళాశాలలో ఆ నియామకము జరిగినదో లేదో ఫీజు చెల్లించుటకు ముందే విచారింపుడు. రేయింబవళ్లు ఉచితముగా పలుకు మానసికారోగ్య సహాయవాణి టెలి మానస్ సంఖ్య 14416ను బిడ్డచేత ఫోనులో వ్రాయించి యుంచుడు.