పెద్దరోగం – చిన్న మచ్చ

కామారెడ్డిలో రైలెక్కి నిజామాబాదు వెళ్లేవారు దారిలో డిచ్‌పల్లి స్టేషను దాటుతారు. ఎల్లారెడ్డి ప్రాంతం కూడా 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడేవరకు నిజామాబాదు జిల్లాలోనిదే. కనుక డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి కథ మన ఇంటి కథే.

ఆ ఆసుపత్రి విలువ తెలియాలంటే ముందుగా అమెరికా వైపు చూద్దాము. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కుష్ఠుకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నాడు. ఇది శాపము కాదు, వంశములో దిగివచ్చేదీ కాదు. అయినా భయం పోలేదు. 1894లో లూసియానా రాష్ట్రంలో ఏడుగురు రోగులను బొగ్గు పడవలో ఎక్కించి, రాత్రివేళ మిసిసిపీ నది మీదుగా కార్విల్ అనే చోటికి చేర్చారు. వైద్యులున్నారు గాని మందు లేదు. 1896లో నలుగురు కేథలిక్ సిస్టర్లు వచ్చి వారికి సేవ చేయసాగారు.

మన ప్రాంతానికి స్కాట్లండు వైద్యురాలు ఇసబెల్ కెర్ గారు, భర్త రెవ. జార్జి కెర్ గారితో కలిసి 1907లో వచ్చారు. 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి వెలిసింది. హిందూ దాత నర్సాగౌడ్ గారు విరాళమిచ్చారు. ఆ రోజులలో చాల్‌మోగ్రా జాతి గింజల నూనెను సూదిమందుగా ఇచ్చేవారు. అది నొప్పితో కూడిన చికిత్స. అయినా రోగులు ఆశతో వచ్చేవారు.

అసలైన మందు 1941లో ఆ కార్విల్‌లోనే బయటపడింది. డాక్టర్ ఫాగెట్ గారు ప్రోమిన్ అనే మందును వాడి చూడగా రోగులకు మేలు కలిగింది. తరువాత డాప్సోన్ బిళ్లలు వచ్చాయి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. ఇప్పుడు రోగాన్ని బట్టి ఆరు నెలలు లేక పన్నెండు నెలలు మాత్రలు వాడితే కుష్ఠు నయమవుతుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో మందులు ఉచితము.

అయితే మందుకు లొంగిన రోగం మన భయానికి మాత్రం ఇంకా పెద్దరోగమే. పెళ్లి చెడిపోతుందని ఆడపిల్ల ఒంటిమీది మచ్చను దాచే ఇళ్లు ఉన్నాయి. దాచినకొద్దీ నరాలు దెబ్బతిని వేళ్లు వంకరపోతాయి. ఆ వంకరను మాత్రలు సరిచేయలేవు. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలును మన దేశంలో 2019లో చట్టం ద్వారా తొలగించారు. చట్టం మారింది, మన మనసులు కూడా మారాలి.

తల్లిదండ్రులారా, పిల్లల ఒంటిమీద పాలిపోయిన లేక ఎర్రని మచ్చ ఉండి, అక్కడ స్పర్శ తెలియకపోతే వెంటనే ఆరోగ్య కేంద్రానికి తీసుకొని వెళ్లండి. సంఘస్థులారా, చికిత్స పొందుతున్నవారి పక్కన కూర్చుందాము, వారితో కలిసి భోజనం చేద్దాము. మన ప్రభువు కుష్ఠరోగిని దూరమునుండి కాదు, ముట్టి బాగుచేశాడు గదా.